పద్దెనిమిది నిండితే పెతాంగ్ అమ్మ కాదు

లుసేనా ఊళ్లో పెతాంగ్ అనే ఆవిడ ఇంట్లో ఒక పద్ధతుండేది. సర్కారు అప్పగించిన దిక్కులేని పిల్లల్ని ఒళ్లో పెట్టుకునే పెంచేది. పద్దెనిమిదేళ్లు నిండిన పూట మాత్రం, ఆయుష్షు కోసమని పొడుగు నూడుల్స్ వండి కడుపునిండా పెట్టి, ప్లేటు తీస్తూ చెప్పేసేది:

"రేపట్నుంచి నానాయ్ అనకు. నేను నీ అమ్మని కాను. ఊళ్లో అందర్లాగే మర్యాదకి ఆలింగ్ పెతాంగ్ అను."

మొదట పెంచిన రోడెల్‌ని ఆమె గారాబంగానే సాగనంపింది. వాడు బయట నిలదొక్కుకోలేక, రేవులో రౌడీల జట్టులో చేరి కత్తిపోటుకు పోయాడు. లోకంలో ఎవరూ అమ్మ కాదని ముందే అలవాటు చేసుంటే బతికేవాడని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే తర్వాతివాళ్లతో బంధం తెంచుకునేది.

తన పూట వచ్చినప్పుడు రిజలిన్ అనే పిల్ల బతిమాలింది. "కుట్టుపని కోర్సు అయ్యేదాకా ఉండనీ నానాయ్. వంటింట్లో పడుకుంటా."

మూతి మీద ఒక్కటి పడింది. "ఎవరే నీకు నానాయ్? నీ మంచం కొత్తగా వచ్చే పసిదానికి కావాలి. పోయి బతుకు."

రిజలిన్ పోయింది. చేపల మార్కెట్లో పని, ఆ పై మేడ మీద అద్దె మంచం. వానల్లో డెంగీ పట్టుకుంది. అద్దెకిచ్చిన ఇంటావిడ కబురు చేస్తే పెతాంగ్ అల్లం గంజి పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తింది.

ఆ వార్డులో రోగి పక్కన బంతాయ్‌గా ఇంటిమనిషి ఉండాలి. మందులూ రక్తమూ తెచ్చేది ఆ మనిషే.

"ఈవిడెవరు? మీ అమ్మా?" అంది నర్సు.

రిజలిన్ కళ్లు తెరిచి చూసింది. "కాదండీ. తెలిసినావిడ. ఆలింగ్ పెతాంగ్."

"అదేం మాటే! నాలుగేళ్ల పిల్లప్పట్నుంచీ పెంచానని చెప్పు!"

"మీరే కదండీ అనొద్దన్నారు."

పక్క మంచం ముసలాయన కిసుక్కున నవ్వాడు. "మాట వినే పిల్లే. బాగా పెంచావమ్మా."

"సొంతవాళ్లు కాకపోతే బయటికెళ్లండి," అంది నర్సు.

"ఒక్కసారి అనవే, నీ రక్తం నేను తెస్తాను. నానాయ్ అను, నా తల్లీ!"

రిజలిన్ కోపంగా లేదు. కోపముంటే పెతాంగ్‌కి కాస్త ఊపిరాడేది. కాపలావాడు మోచెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్లాడు. గంజి గిన్నె ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"రక్తం దొరికే చోటు ఎంత దూరమండీ?" అని వెనక రిజలిన్ గొంతు వినిపించింది.

"రోడ్డు దాటాలి. నువ్వెలా వెళ్తావు, లేస్తే పడిపోతావు," అంది నర్సు.

"మెల్లగా వెళ్తాలెండి," అంటూ రిజలిన్ మంచం దిగి చెప్పుల కోసం కాలితో తడుముతోంది.

వార్డు తలుపు మూశారు.