మూడున్నరకి వచ్చే దొంగ

మా పన్నెండో అంతస్తులో ఎవరింట్లో వైఫై ఆగిపోయినా ముందు నా తలుపే కొడతారు. నేను ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తానని తెలిసిన రోజునుంచీ నాకు ఆదివారం లేకుండా పోయింది. ఒకరికి టీవీ రాదు, ఇంకొకరికి ప్రింటరు కదలదు. పని అయ్యాక ఎవరైనా నాలుగు నారింజపళ్లో, పాండాన్ కేకు ముక్కో చేతిలో పెట్టి పంపుతారు. సియా అంకుల్ మాత్రం వెళ్లేముందు నా సంచి ఒకసారి తెరిచి చూపించమంటాడు. మొదట్లో సరదాకి అంటున్నాడనుకున్నాను. సరదా కాదు. ఆ ఇంటికి ఎవరు వచ్చినా అంతే, పక్కింటి జైనల్ గారు రంజాన్ పండక్కి డబ్బాలో కువే మిఠాయిలు తెచ్చినా ఆ ఖాళీ డబ్బాలోకి తొంగిచూశాకే పంపిస్తాడు.

సియా బోక్ హెంగ్ ముప్పై ఒక్క సంవత్సరాలు బస్సుల్లో టికెట్ల ఇన్‌స్పెక్టరుగా చేశాడు. ఏ స్టాపులో ఎక్కుతాడో డ్రైవరుకి కూడా తెలిసేది కాదట. "మనిషి మెడ చూస్తే చాలు, టికెట్ ఉందో లేదో చెప్పేస్తాను" అనేవాడు. టికెట్ల బదులు కార్డులొచ్చాక ఉద్యోగం పోయింది గానీ ఆ చూపు మాత్రం రిటైరవలేదు. లిఫ్టులో ఎవరైనా పలకరింపుగా నవ్వితే, ఎందుకు నవ్వారా అని మూడు అంతస్తులు ఆలోచిస్తాడు. కింద కాఫీ దుకాణంలో కప్పు మీద నురగ ఎక్కువైతే, అడుగున ఏం తక్కువైందని అడుగుతాడు. ఇలాంటి మనిషితో నలభై ఏళ్లు కాపురం ఎలా చేశారని గ్యోక్ లాన్ ఆంటీని ఒకసారి అడిగాను. "పాడుకుంటూ" అంది.

ఆంటీ నిజంగానే పాడేది. టియోచూ భాషలో పాడే చైనీస్ నాటకాల్లో రాజు వేషాలు ఆమెవే. చైనీస్ ఏడో నెలలో వచ్చే దయ్యాల పండక్కి వేదిక కడితే ఆమె పేరు పెద్ద అక్షరాల్లో రాసేవాళ్లు. బియ్యం కడుగుతూ ఇంట్లో ఒక చరణం ఎత్తుకుంటే మా వరండా మొత్తం వినపడేది. రెండేళ్ల కిందట గొంతులో పుండు అన్నారు. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు, గొంతు మాత్రం తీసేశారు. ఇప్పుడు ఆప్రాన్ జేబులో చిన్న తెల్లపలక పెట్టుకుని తిరుగుతుంది. నాకైతే ఇంగ్లీషులో రాస్తుంది, ఆయనకి చైనీస్ అక్షరాల్లో.

చైనీస్ కొత్త సంవత్సరం వెళ్లిన వారానికి అంకుల్ నా తలుపు కొట్టాడు. చేతిలో తువ్వాలు, తువ్వాల్లో ఒక పాత హార్డ్ డిస్కు.

"హైమా, ఇది టిక్కుటిక్కుమంటోంది. ఎందుకు?"

చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. "ఇది పోతోంది అంకుల్. ఏముంది ఇందులో?"

"నలభై మూడు కేసెట్లు. లాన్ పాడినవన్నీ. కేసెట్లకి బూజు పట్టేసింది. ఇంకెక్కడా లేవు." ఇది చెప్తున్నప్పుడు ఆయన నా ముఖం చూడలేదు.

ఆ రాత్రే నా దగ్గరున్న కొత్త డిస్కులోకి అన్నీ కాపీ చేశాను. చేస్తున్నంతసేపూ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, నేనెక్కడ ఒక కాపీ కొట్టేస్తానో అని. నాకు ఒళ్లు మండింది. అయినా ఆ టిక్కుటిక్కు శబ్దానికి ఆయన భుజాలు ఉలిక్కిపడటం చూసి నా కోపం దిగిపోయింది.

ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చని చెప్పి చూశాను.

"ఎవరి దగ్గర దాస్తారు?"

"కంపెనీ వాళ్ల దగ్గర."

"వాళ్లు ఎక్కడుంటారు? నేను వెళ్లి చూడొచ్చా?"

"కుదరదు అంకుల్."

"చూడనివ్వని గదిలో మా ఆవిడ గొంతు పెట్టమంటావా?"

ఇక ఇంట్లోనే పెట్టుకునే స్టోరేజీ పెట్టె, దానికి తగిన మంచి రూటరు కొనాలని తేల్చుకుని శనివారం ఎలక్ట్రానిక్స్ మాల్‌కి వెళ్లాం. దుకాణం నడిపే ఫూ అనే అతను మూడు రూటర్ల సెట్టు ముందు పెట్టాడు. "ఇల్లంతా అందుతుంది అంకుల్."

"ఒకటి సరిగ్గా పనిచేస్తే మూడెందుకు?"

"ఇల్లు పెద్దదైతే..."

"మా ఇల్లు నువ్వు చూశావా?"

"లేదు."

"మరి పెద్దదని నీకెవరు చెప్పారు?"

ఫూ నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. తర్వాత ఎనిమిది యాంటెన్నాలున్నది తీశాడు. "ఇన్ని కొమ్ములెందుకు దీనికి? పనిచేస్తుందా, పోట్లాడుతుందా?" అన్నాడు అంకుల్. చివరికి రెండు యాంటెన్నాల మామూలు రూటరు తీసుకున్నాం. నిజం చెప్పాలంటే వాళ్ల మూడు గదుల ఇంటికి అది చాలు. అనుమానం మనిషే అయినా ఆయన లెక్క తప్పలేదు.

స్టోరేజీ పెట్టె దగ్గర మళ్లీ గొడవ మొదలైంది. అందులో రెండు డిస్కులు పెట్టాలి, రెండిట్లోనూ ఒకటే ఉంటుంది అని ఫూ చెప్పగానే అంకుల్ లేచి నిలబడ్డాడు. "రెండు కొంటే ఒకటే వాడుకోవాలా? పద హైమా, వీడు దొంగ."

చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. "అంకుల్, కండక్టర్ షీటు కింద కార్బన్ పేపరు పెట్టి రాసేవాడు కదా. అసలు ఒకటి, నకలు ఒకటి. ఎందుకు?"

"ఒకటి పోతే రెండోది ఉంటుందని."

"ఇదీ అంతే."

కాసేపు ఫూనీ, పెట్టెనీ మార్చిమార్చి చూశాడు. "మా నకలు డిపోలో ఉండేది. బస్సులో కాదు. బస్సు తగలబడితే?" అన్నాడు.

నేను ఆసుపత్రిలో పెద్ద పెద్ద డాక్టర్లకి ఏళ్ల తరబడి చెప్పి చెప్పి విసిగిపోయిన మాట అది. ఈయన ఒక్క నిమిషంలో పట్టేశాడు. "అందుకే మూడో కాపీ ఇంకొకరి ఇంట్లో ఉండాలి అంకుల్. నేను తీసిన ఈ డిస్కు మీకు నమ్మకమైన వాళ్ల దగ్గర పెట్టండి" అన్నాను. తిరుగు బస్సులో దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మా స్టాపులో దిగాక చెప్పాడు, "అలాంటి ఇల్లు లేదు." నువ్వున్నావు కదా అని కూడా అనలేదు. ఆ డిస్కు ఆయన ఇంట్లోనే, దేవుడి బల్ల సొరుగులోకి వెళ్లింది.

రూటరునీ స్టోరేజీ పెట్టెనీ టీవీ కింద పెట్టి, పాటలన్నీ ఆంటీ పేరుతో ఒక ఫోల్డరులో వేసి ఇచ్చాను. ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది, ఏమీ రాయలేదు. ఆమెకి వినిపించమంటారా అని నేను అడిగితే అంకుల్ నన్ను వరండాలోకి లాక్కెళ్లాడు. "దాని ముందు ఆ మాటెత్తకు. ఆపరేషన్ తర్వాత ఎవరింట్లోనో రేడియోలో పాట వచ్చింది. రెండు రోజులు గదిలోంచి రాలేదు. నేను దాస్తున్నది పోకుండా ఉండటానికి. దానికి వినిపించటానికి కాదు." ఆయనైనా వింటాడా అంటే ఆయనా వినడు. ధైర్యం చాలదు.

రూటరులో ఎవరెవరి ఫోన్లు కలిశాయో చూసే జాబితా ఉంటుందని చెప్పటం నేను చేసిన తప్పు. ఇన్‌స్పెక్టరుకి మళ్లీ బస్సు దొరికినట్టయింది. పది రోజులకి ఒక నోటుబుక్కుతో వచ్చాడు. "మా ఇంట్లో రెండు ఫోన్లు, టీవీ, పాటల పెట్టె. ఇంకొకటి ఎవరిది? రోజూ మధ్యాహ్నం మూడున్నరకి ఎక్కుతున్నాడు, నాలుగుంబావుకి దిగుతున్నాడు. సరిగ్గా నేను కాఫీకి కిందికి వెళ్లినప్పుడే!"

వెళ్లి చూశాను. నిజమే, పేరు లేని ఫోను ఒకటుంది. స్టోరేజీ పెట్టెలో కూడా చూశాను. రోజూ ఆ వేళకి తెరుచుకుంటున్నది ఒక్క ఫోల్డరే, ఆంటీ పాటలది.

"లాన్ గొంతు దొంగిలిస్తున్నాడు" అన్నాడు అంకుల్.

"పాస్‌వర్డ్ ఏం పెట్టారు? రూటరుకీ పెట్టెకీ ఒకటేనా?"

"ఒకటే. అది ఎవరికీ తెలీదు."

పాస్‌వర్డ్ మార్చాం. ఒక రోజు దొంగ రాలేదు. మర్నాడు మూడున్నరకి ఠంచనుగా వచ్చాడు. మళ్లీ మార్చాం, మళ్లీ వచ్చాడు. అంకుల్ అనుమానం నేరుగా జైనల్ గారి మీదికి వెళ్లింది. గోడ ఒకటే, పైగా కొన్నరోజు "ఏంటి సియా, కొత్త పెట్టెలా?" అని అడిగాడట. "పోస్టుమాన్‌గా చేశాడు వాడు. ఇంకొకరి కవర్లు పట్టుకుని తిరిగిన చెయ్యి" అన్నాడు. ముప్పై ఏళ్లు ఊరందరి ఉత్తరాలూ ఇంటికి చేర్చిన మనిషిని పట్టుకుని! లిఫ్టులో జైనల్ గారు పలకరిస్తే ఈయన ముఖం తిప్పుకున్నాడు. పాపం ఆయన నన్నడిగారు, "సియాకి నా మీద కోపమా హైమా? నేనేం చేశాను?" ఏం చెప్పను?

తర్వాతి వారం అంకుల్ ఎవరికీ చెప్పకుండా రూటరునీ పెట్టెనీ తీసుకెళ్లి షెల్టరులో పెట్టాడు. మా ఇళ్లన్నిట్లో ఉండే గదే అది. బాంబులు పడితే దాక్కోవటానికని మందపాటి కాంక్రీటు గోడలతో, ఇనప తలుపుతో కడితే, మేమంతా బియ్యం బస్తాలూ తుడుపుకర్రలూ పెట్టుకుంటాం. కేబుల్ లోపలికి వెళ్లాలి కాబట్టి తలుపు వేలెడంత తెరిచి, గొలుసు చుట్టి తాళం వేశాడు. నేను వెళ్లేసరికి టీవీలో బొమ్మ రావటం లేదు, ఆయన ఫోను హాల్లోనే పనిచెయ్యటం లేదు.

"ఆ గదిలోంచి సిగ్నల్ ఎలా వస్తుంది అంకుల్! పెట్టె కూడా ఉడికిపోతుంది లోపల" అని అరిచాను.

"రాకపోతే పోయింది. దొంగకీ రాదు."

నోటుబుక్కు మాత్రం చేతిలోనే ఉంది. తెరిచి చూపించాడు. నిన్న మూడున్నర నుంచి నాలుగుంబావు దాకా. మొన్న కూడా. తలుపు సందు దగ్గర ఫోను పెట్టి జాబితా చూశాడట.

నా ఫోను పట్టుకుని షెల్టరు తలుపు దగ్గర నిలబడ్డాను. సిగ్నల్ ఉంది. మూడడుగులు వెనక్కి వేశాను, సగమైంది. ఇంకో రెండడుగులకి పూర్తిగా పోయింది. జైనల్ గారింటి వైపు గోడ హాలు దాటి అవతల ఉంది. ఆ మాటే చెప్పాను. "అంకుల్, దొంగ ఈ తలుపు ముందు కూర్చుంటే తప్ప ఇందులోకి ఎక్కలేడు."

"మా ఇంట్లోకి వచ్చా? తాళం వేసి ఉంటుంది. లోపల లాన్ ఒక్కతే..."

అక్కడ ఆగిపోయాడు. ఆంటీ అప్పుడు మార్కెట్లో ఉంది.

మర్నాడు మూడింటికి అంకుల్ ఎప్పట్లాగే కాఫీకని బయల్దేరాడు. లిఫ్టు ఎక్కలేదు, వరండా చివర మెట్ల దగ్గర నాతో నిలబడ్డాడు. మూడూ ముప్పై అయిదుకి చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా తాళం తిప్పాడు. ముప్పై ఏళ్లు బస్సులెక్కిన అడుగు అది, చీమకి కూడా వినపడదు.

షెల్టరు తలుపు ముందు ప్లాస్టిక్ ముక్కాలిపీట మీద ఆంటీ కూర్చుని ఉంది. ఒళ్లో పగిలిన అద్దంతో పాత ఫోను, పాడైందని ఎప్పుడో సొరుగులో పడేసినది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. కళ్లు మూసుకుని ఉంది. పెదాలు పాటతోపాటు కదులుతున్నాయి, చెయ్యి రాజు చేతిలా గాలిలో తిరుగుతోంది. ఏడవటం లేదు. ముఖంలో ఆ వెలుగు చూసి రెండేళ్లయింది, నాకే ఏడుపొచ్చింది.

కళ్లు తెరిచి మమ్మల్ని చూసింది. ఉలిక్కిపడలేదు. తాపీగా ఇయర్‌ఫోన్లు తీసి, పలక అందుకుని రాసి ఆయన వైపు తిప్పింది. అంకుల్ పైకి చదివాడు, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

"నా గొంతు నేను వినటానికి కూడా టికెట్ కావాలా?"

తర్వాత పలక మీంచి కళ్లెత్తి, "పాస్‌వర్డ్ ఎలా తెలిసింది?" అన్నాడు. ఆ సమయంలో కూడా ఇన్‌స్పెక్టరే!

ఆంటీ తుడిచి, ఈసారి నాకూ అర్థమయ్యేలా ఇంగ్లీషులో రాసింది. మొదటిది ఆయన బ్యాడ్జి నంబరు. రెండోది ఆయన మొదట ఎక్కిన బస్సు నంబరు. మూడోది వాళ్ల పెళ్లి తారీఖు. కింద ఇంకో వాక్యం రాసింది, "నీకింకేం తెలుసు గనక?"

"నువ్వు బాధపడతావని దాచాను" అన్నాడు. "ఆ రెండు రోజులు గదిలోంచి రాలేదు కదా."

"అది ఎవరో పాడింది. చాలా చెత్తగా పాడింది" అని రాసింది.

నేను పగలబడి నవ్వాను. అంకుల్ నవ్వలేదు. గొలుసు తాళం తీశాడు, రూటరునీ పెట్టెనీ రెండు చేతులా మోసుకొచ్చి టీవీ కింద పెట్టాడు. "పైకి వినపడేలా పెట్టు హైమా" అన్నాడు. పెట్టాను. ఇరవై ఏళ్ల కిందటి గొంతు ఆ ఇల్లంతా లేచి నిలబడింది. అంకుల్ వెళ్లి వీధి తలుపు బార్లా తెరిచి వచ్చాడు. ఎప్పుడూ గడియ వేసుండే తలుపు అది. తర్వాత సోఫాలో కూర్చుని ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఆంటీ వెళ్లి పక్కన కూర్చుంది.

రెండో పాట మొదలయ్యేసరికి గుమ్మంలో జైనల్ గారు మార్కెట్ సంచితో ఉన్నారు. లోపలికి రాకుండా నిలబడి విన్నారు. ఆంటీ చెయ్యి ఊపి పిలిచాకే వచ్చి కూర్చున్నారు.

పాటలయ్యాక అంకుల్ లేచి దేవుడి బల్ల సొరుగులోంచి తువ్వాల్లో చుట్టిన డిస్కు తీశాడు. "జైనల్, ఇది నకలు. వేరే ఇంట్లో ఉండాలట. నీ ఇంట్లో పెట్టుకుంటావా?" అన్నాడు. "నీ మీద అనుమానపడ్డాను. తప్పు నాదే."

జైనల్ గారు తన మార్కెట్ సంచి తెరిచి డిస్కుని అందులో పెట్టుకున్నారు. గుమ్మం దగ్గర అలవాటు ప్రకారం ఆగి, సంచి మూతి వెడల్పుగా తెరిచి పట్టుకున్నారు. "చూసుకో సియా."

అంకుల్ దాని వైపు చూడలేదు. రెండు చేతులతో ఆ సంచి మూతి మూసేశాడు.