తెర లేచే ముందు

సొరంగంలో ట్రైన్ ఆగి, లైట్లు మసకబారి, ఏదో కాలిన వాసన రాగానే నా గుండె జారిపోయింది. "ఏం కాలేదు నాన్నా, అమ్మకేం భయం లేదు" అన్నాను. పిల్లలిద్దరూ ఏడుపు ఆపలేదు.

పక్క సీట్లోని పెద్దావిడ మా బాబు వైపు వంగింది. "నాక్కూడా భయంగానే ఉంది. నీకెంత?" అని ఇంగ్లీషులో అడిగింది.

వాడు ఏడుపాపి చేతులు బార్లా చాపాడు. "దిస్ మచ్!"

"అమ్మో, నాకంటే ఎక్కువే!"

మాటల్లో తెలిసింది, ఆవిడ ఫ్రెంచి నటి. తల్లిది అల్జీరియా, తండ్రిది వియత్నాం. ముప్పై ఏళ్లుగా మూడు భాషల్లో సినిమాలు, నాటకాలు చేస్తోందట. "ఇప్పటికీ తెర లేచే ముందు, ఎంత భయంగా ఉందో అందరం ఒకరికొకరం చెప్పుకుంటాం. ఆ తర్వాతే స్టేజి ఎక్కుతాం" అంది. పిల్లల ముందు భయం బయటపెట్టకూడదనే అప్పటిదాకా నమ్మేదాన్ని.

కాసేపటికి ట్రైన్ కదిలింది.

మర్నాడు పొద్దున పిల్లలతో అన్నాను: "నిన్న అమ్మ అబద్ధం చెప్పింది. నాకు చాలా భయమేసింది."