దిష్టిచుక్క లేని పిట్ట

సాక్ష్యం లేని మాటను నేను ఒప్పుకోను. దేవుడి సంగతైనా, దెయ్యం సంగతైనా, పిట్ట సంగతైనా అంతే. అందుకే పోయిన శీతాకాలం హుమ్మ ఊరి ఉప్పుమడుల్లో సన్నముక్కు గల్‌ను చూశానని మా ఆవిడ చెబితే నమ్మలేదు. అది ఈ తీరానికి ఎప్పుడో గాని రాని సముద్రపక్షి. ఆమె దగ్గర ఫోటో లేదు, పక్కన రెండో మనిషీ లేడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. బరంపురంలో మా ఆదివారం చర్చావేదికలో, మనిషి తాను చూడాలనుకున్నదే చూస్తాడని వాదిస్తూ ఆ సంగతినే ఉదాహరణగా చెప్పాను. అందరూ నవ్వారు, ఆమె తప్ప. ఆ తర్వాత ఏడాది పాటు నాతో పిట్టలు చూడటానికి రాలేదు.

ఈ జనవరిలో ఒక ఉదయం తనే బైనాక్యులర్ మెడలో వేసుకుని, "పదండి, హుమ్మ ఎల్దాం" అంది.

"ఏటి, కోపం పోయిందా?"

"పోలేదు. దాన్ని మీకు సూపించేక పోద్ది."

బస్సు దిగి గట్ల వెంట నడిచాం. నీళ్లు నిలిచిన మడుల్లో గల్‌లు వందల్లో ఉన్నాయి. అన్నీ ఒకే అచ్చు: తెల్లటి ఒళ్లు, బూడిదరంగు వీపు, కన్ను వెనక నల్లటి మచ్చ. మూడు గంటలు ఒక్కొక్కదాన్నే చూశాం. నా వాదమే గెలిచేలా ఉంది. ఆమె మొహం చూస్తే ఆ గెలుపు నాకేమీ రుచించలేదు.

మడి అడుగును కాళ్లతో తొక్కి గట్టిపరుస్తున్న ఆడవాళ్లలో ఒక పెద్దావిడ నడుము నిటారు చేసి అడిగింది. "ఏటి బాబూ, పొద్దుట్నించీ ఎతుకుతున్నారు, ఏటైనా పారేసుకున్నారా?"

"తెల్లపిట్టల్లో ఒకటి వేరేగా ఉంటుందట. దానికోసం" అన్నాను.

"దిష్టిసుక్క లేందా?"

ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. పసిబిడ్డ చెంపకు మసి పూసి, లోకంలోని కళ్లన్నీ విషమని నేర్పే ఆచారమది. మా అమ్మాయికి పెట్టనివ్వనందుకు మా అమ్మ నాతో నెల రోజులు మాట్లాడలేదు. కాని సన్నముక్కు గల్‌కు కన్ను వెనక మచ్చ ఉండదని పుస్తకం చెబుతుంది. ఈమె ఆ పుస్తకం చదవలేదు.

జవాబు నేనే అందించకుండా జాగ్రత్తగా అడిగాను. "మెడ ఎలా ఉంటుందమ్మా?"

"సాగుంటది. నుదురు పల్లంగా జారిపోద్ది, మా అత్త నుదురులాగ."

మిగతా ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

"నిరుడూ ఒచ్చింది, ఈయేడూ ఒచ్చింది. మమ్మల్నెవలడిగేరు?"

ఆమె చెయ్యి చాపిన వైపు, మూడో గట్టు పక్కన అది ఒక్కటే నిలబడి ఉంది. పొడుగు మెడ, ఏటవాలు నుదురు, మచ్చలేని చెంప. ఎండ పడిన రొమ్ము మీద లేత గులాబీ రంగు. నువ్వూ చూడమని మా ఆవిడ భుజం తట్టాను.

"మీరు సూడండి. నేను నిరుడే సూసేను" అందామె, మొహమంతా నవ్వుతో.

సంతోషం పట్టలేక గట్టు మీద గెంతాను. కాలు జారి మోకాళ్ల దాకా బురదలో దిగబడ్డాను. అయిదుగురు ఆడవాళ్లు నన్ను లాగుతున్నారు, మా ఆవిడ నవ్వుతూ గట్టు మీదే కూలబడింది. నేను పైకొచ్చేసరికి పిట్ట ఎగిరిపోయింది. కెమెరా సంచిలోంచి బయటికే రాలేదు.

ఆ ఆదివారం వేదిక మీద నా తప్పు ఒప్పుకున్నాను. సాక్షులు లేరన్నాను గాని, ఉన్నారేమోనని అక్కడికి వెళ్లి ఎవరినీ అడగలేదని చెప్పాను. ఒక సభ్యుడు లేచి, "మరి మీ ఫోటో ఏదండీ?" అన్నాడు. లేదన్నాను. సభ ఘొల్లుమంది.

మా ఆవిడ లేచి నిలబడింది.

"ఆయన సూసేరు. నేను పక్కనే ఉన్నాను. నా మాట సాలదంటే హుమ్మ ఎల్లి, మడి తొక్కుతున్నోలని అడగండి. అడిగితే సెప్తారు."