ఆ పిలగాడు ఇల్లు చేరిండా?

మా చిన్నప్పుడు... నస్పూర్ కాలనీ గ్రౌండులో రెండు బొంగుల మధ్య తెల్లగుడ్డ కట్టారంటే చాలు, పొద్దుగూకక ముందే బొంతలు పట్టుకుని పరుగే పరుగు! ఎవరు ముందు పరిస్తే జాగా వాళ్లది. మా అవ్వ... అమ్మానాన్నలు మాకు అవ్వా బాపులే... బియ్యప్పిండి సర్వప్ప ముక్కలు మూటగట్టుకుని, "జర జరుగుండ్రి, పిల్లలున్నరు" అంటూ ఎట్లాగో మమ్మల్ని ముందు వరసలో ఇరికించేది.

ఆ సాయంత్రం వేసింది మాత్రం మన సినిమా కాదు... ఎక్కడో పరాయి దేశానిది, నలుపు తెలుపు. పేరు కూడా తెలియదు. మీసాలు కూడా సరిగ్గా రాని పిల్లలు మిలట్రీ బట్టలు వేసుకుని, పొడుగ్గా తవ్విన కందకంలో మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. ఒకడికి టోపీ పెద్దదై మాటిమాటికీ కళ్ల మీదికి జారుతోంది. మేం పకపకా నవ్వాం. అవ్వ నవ్వలేదు.

సంగతేమిటంటే... ఆ వారమే మా సదన్న కరీంనగర్‌లో మిలట్రీ సెలక్షన్ పాసై వచ్చాడు. పొమ్మని పట్టుబట్టింది అవ్వే. "నా కొడుకు బాయి దిగొద్దు" అని ఆమె మొక్కని దేవుడు లేడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటాం. బాపు షిఫ్టు దిగి వచ్చి గడప తొక్కేదాకా అవ్వకు ముద్ద దిగేది కాదు. కానీ ఆ బాయి లోపల ఎట్లా ఉంటుందో ఆమె ఏనాడూ చూడలేదు.

తెర మీద కందకం గోడలకు కట్టెలు ఆనించి ఉన్నాయి. పైనుంచి మట్టి రాలుతోంది, నీళ్లు కారుతున్నాయి. అవ్వ బాపు వైపు తిరిగింది.

"మీ బాయి గిట్లనే ఉంటదా?"

"ఆఁ... జర గిట్లనే," అన్నాడు బాపు. "మమ్ముల కాల్చెటోళ్లు ఉండరు, గంతే."

అవ్వ ఇక సర్వప్ప ముట్టలేదు. ఆ టోపీ పిల్లాడినే చూస్తూ కూర్చుంది.

వాడు వాళ్లమ్మ ఫోటో జేబులో పెట్టుకుని, కందకం గట్టు ఎక్కడానికి చెయ్యి ఆనించాడు... సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఈలలు! "పాటల్లేవు, హీరో ఎవడో తెల్వది, ఏం సిన్మరా గిది! తీసెయ్!" నిజంగానే తీసేశారు. దేవుడి సినిమా పెట్టారు. గ్రౌండంతా చప్పట్లు! తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది... ఇంకాస్త ఓపిక పడితే మీ సొమ్మేం పోయింది నాయనా?

తెల్లారి పొయ్యి ముందు కూర్చుని అవ్వ తేల్చేసింది. "సదయ్యా, నువ్వు మిలట్రీకి పోవద్దు."

అన్నకు మతిపోయింది. "నువ్వే గదనే పొమ్మన్నవ్! సగం సిన్మ జూసి నా బతుకు ఆపుతవా? హీరో సెకండాఫ్‌ల గెలుస్తడవ్వా!"

"గెలుస్తడో సస్తడో నాకు తెల్వది. ఆడ గూడ మట్టిల్నే ఉండుడైతే, నా కండ్ల ముంగటి మట్టిల్నే ఉండు బిడ్డా."

తర్వాత బాపుకు ఒంట్లో బాగాలేక పని మానేస్తే, ఆ కొలువులోకి అన్న చేరాడు. ఏ బాయి వద్దని మొక్కిందో ఆ బాయే దిగాడు.

అప్పటినుంచి ఇంట్లో ఇదే పంచాయితీ. దసరాకు అందరం కూడితే చాలు, తనూ చూడని ముగింపును చూసినట్టే అన్న మొదలుపెట్టేవాడు. "ఆ పిలగాడు మెడల్ తోని ఇంటికొచ్చిండు. నువ్వే సూడకపోతివి!" వాడు బయటికి పోయాక అవ్వ నన్ను అడిగేది... "నిజంగనే ఇల్లు చేరిండేమోనే? నేనే నా కొడుక్కు అడ్డం పడ్డనేమో..."

పేరు తెలియని సినిమాను ఎక్కడని వెతకను? టోపీ పెద్దదైన పిల్లాడి సినిమా అంటే నవ్వనివాళ్లు లేరు.

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో నేను చెప్పిన గుర్తులు పెట్టి వెతికి "ఇదేనా చూడు" అంది. అదే! ఆ టోపీ, ఆ కందకం... ఆదివారం మధ్యాహ్నం టీవీకి కలిపి, అన్నను పిలిచి, అవ్వను మంచం మీద కూర్చోబెట్టాను.

ఇక చూడండి నా పాట్లు! పిల్లలు కాసేపటికే "అమ్మా, లాస్ట్ సీన్‌కు జరుపు" అని గోల. ఆ పిల్లాడు గట్టు మీద చెయ్యి వేసేసరికి మధ్యలో సబ్బు యాడ్ ఒకటి! అది పోయేలోపు అవ్వకు కునుకు పట్టింది. ఇన్నేళ్లు ఎదురుచూసి, ఆ సమయానికే నిద్రా! ఎవరి మీద అరవాలో కూడా తెలియలేదు నాకు.

చివరికి ఆ పిల్లాడు బతకలేదు.

అన్న బాయి నలుపు పోని ఆ కళ్ల అంచులు తుడుచుకున్నాడు. అలికిడికి అవ్వ లేచింది.

"బిడ్డా... ఇల్లు చేరిండా?"

ఇన్నేళ్లు పంతం పట్టినవాడు ఇప్పుడు మాత్రం ఒప్పుకుంటాడా? చేరాడని ఒక్క మాట అంటే చాలు, కొడుక్కు అడ్డం పడ్డానన్న బాధతోనే అవ్వ పోతుంది.

అన్న వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. "లేదవ్వా... చేరలే. నువ్వు నన్ను ఆపింది మంచిదైంది."

సంతోషిస్తుందనుకున్నాను. అవ్వ కొంగు కళ్లకు అద్దుకుంది. "అయ్యో... మరి వాళ్లవ్వకు ఎవలు జెప్పిన్రో!" అంటూ, పేరైనా తెలియని ఆ పిల్లాడి కోసం చాలాసేపు ఏడ్చింది.

ఇప్పుడు ఆ గ్రౌండులో తెర లేదు... బొంతలు లేవు. ప్రపంచంలోని సినిమాలన్నీ అరచేతిలోనే ఉన్నాయి, చివరిదాకా పక్కన కూర్చునేవాళ్లే కరువయ్యారు.

మీ ఇంట్లోనూ ఇట్లా సగంలో ఆగిపోయిన సినిమా ఉందా? ఏదో కింద రాయండి. అడిగేవాళ్లు ఉండగానే వెతికి పూర్తిగా చూపించండి... ఆ రోజు ఈలలు వేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మాత్రం, ఒకసారి మా ఇంటికి రండి. మా అవ్వ ముందు కూర్చుని మాట్లాడుకుందాం!