ఆగ్నేయంలో సర్వర్

బెళ్ళందూరులో మా ఎదురు ఫ్లాటు గిరిధర్‌ది హిందూపురం. రింగ్ రోడ్డు మీద ఒక పెద్ద కంపెనీలో నెట్‌వర్క్ మేనేజరు. తన చేతికింది పిల్లలకు బుర్ర లేదనీ, నెట్‌వర్క్ నెమ్మదిస్తే ముందు కేబుల్ చూసుకోవాలన్న ఇంగితం కూడా లేదనీ కనబడినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఇంత గొప్పవాడు ఇంట్లో ఏం చేశాడో చెప్తాను.

రెండువేల ఏడులో ఇంటికి ఒక ఫైల్ సర్వర్ కొన్నాడు. ఎవరి ఫైళ్ళయినా ఆ పెట్టెలోనే ఉండాలని రూలు పెట్టాడు. భార్య వర్షిణి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేది. ఆమె పనంతా అందులోకే పోయింది. తర్వాత ఒక వాస్తు పెద్దమనిషి వచ్చి, కరెంటు మింగేవన్నీ ఆగ్నేయంలో ఉండాలని సెలవిచ్చాడు. ఆగ్నేయమంటే వంటిల్లు. మన మేనేజరు మారుమాట్లాడకుండా సర్వర్ని గ్రైండర్ పక్కన పెట్టి, వర్షిణి గది దాకా కేబుల్ లాగి, వంటింటి తలుపు కిందుగా దూర్చాడు. చదువుకున్నవాళ్ళ మూర్ఖత్వం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక ఆదివారం వర్షిణికి చావో రేవో అన్నట్టయింది. దొడ్డబళ్ళాపురంలో మగ్గాల యజమాని అశ్వత్థప్ప కూతురి రిసెప్షను. పెళ్ళి వీడియో సాయంత్రం తెర మీద వెయ్యాలి. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. ఆ వీడియో సర్వర్ నుంచి ఆమె కంప్యూటర్‌కి రావాలి, డిస్కుకెక్కాలి, మధ్యాహ్నానికల్లా ఆమె బయల్దేరాలి. కాపీ మాత్రం నత్తనడక.

గిరిధర్ రంగంలోకి దిగాడు. రెండు యంత్రాలూ ఆపి మళ్ళీ వేశాడు. యాంటీవైరస్ తీసేశాడు. ఇంటర్నెట్ వాళ్ళకి ఫోన్ చేసి నానా తిట్లూ తిట్టాడు. ఫైలు వెళ్ళేది వంటింట్లోంచి వర్షిణి గదిలోకి, దానికి ఇంటర్నెట్‌తో ఏం పని? తలుపు కింద కేబుల్ నలిగిపోయిందని వర్షిణి పొద్దున్నుంచీ మొత్తుకుంటోంది. సర్వర్ని తన గదిలోకి తెచ్చుకుంటానంది. ఆగ్నేయం నుంచి కదిలిస్తే ప్రమోషన్ పోతుందని అతను ఒప్పుకోలేదు.

అతను బాల్కనీలో ఫోన్ పట్టుకుని అరుస్తుండగా ఆమె నన్ను పిలిచింది. ఇద్దరం సర్వర్ని మోసుకొచ్చి ఆమె బల్ల కింద పెట్టి, పొట్టి కేబుల్‌తో కలిపాం. నేను కాఫీ తాగేలోపు వీడియో మొత్తం వచ్చేసింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

గిరిధర్ లోపలికొచ్చి ముఖం మాడ్చుకున్నాడు. "ఎవర్నడిగి కదిలిస్తివి?" అన్నాడు.

వర్షిణి అప్పటికే వీడియో ఎక్కించిన డిస్కు సంచిలో పెట్టుకుంది. "మీ సర్వర్ మీ ఆగ్నేయంలోనే పెట్టుకోండి. నా పని మాత్రం ఇంక దాంట్లో పెట్టను," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

రిసెప్షన్లో వీడియో చూసిన అశ్వత్థప్ప బంధువులు అక్కడికక్కడే ఇంకో రెండు పెళ్ళిళ్ళు ఆమెకు ఒప్పజెప్పారు. సర్వర్ ఆ సాయంత్రమే వంటింట్లోకి తిరిగి చేరింది. వర్షిణి అన్నమాట నిలబెట్టుకుంది. ఇప్పుడు దాంట్లో ఫైలు పెట్టేవాళ్ళూ లేరు, తీసేవాళ్ళూ లేరు.

మొన్న మెట్ల దగ్గర గిరిధర్ నన్నాపాడు.

"అక్కా, తిరిగి ఆగ్నేయంలో పెట్టినప్పట్నుంచి మా సర్వర్ ఒక్కసారి గూడా స్లో కాలేదు. మీ కంప్యూటరూ అటే జరుపుకోండి," అన్నాడు.