దిండు తియ్యనివ్వని ఆయమ్మ

పోయిన గురువారం పొద్దున బడికి బయలుదేరుతుంటే ఆయమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది మేడం" అని, "శాంతిగనే పోయింది" అన్నాడు. మొదటి మాట నమ్మాను. రెండోది ఇప్పటికీ నమ్మను. ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన మనిషి. ఆమె దేన్నీ శాంతిగా వదిలిపెట్టగా నేను చూడలేదు.

సమాధుల తోటలో పాస్టరుగారు ఆమెను "అణకువ గల దాసురాలు" అన్నారు. పెద్దల మాట కాదనకూడదు గానీ, అణకువ ఆమె దరిదాపులకు కూడా రాలేదు. ఆ ఒక్క మాట సరిచేద్దామనే ఇది రాస్తున్నాను.

తొంభైల నడుమ నాకు థైరాయిడ్ గడ్డ ఆపరేషన్ అయింది. పత్తర్‌గట్టి వెనక సందులో, కింద బట్టల దుకాణాలు, పైన పద్దెనిమిది మంచాలున్న నర్సింగ్ హోం. అది మూతపడి చాలాకాలమైంది. నేను మలక్‌పేటలో ఒక బడిలో తెలుగు పంతులమ్మను. నోరుంటేనే జీతం. మెలకువ వచ్చేసరికి తలవైపు ఎత్తుగా ఉంది. ఆ మంచాలకు ఎత్తే మరలేమీ లేవు. అక్కడ ఆయాగా పనిచేసే ఈ ఆయమ్మే ఒక చెక్క కుర్చీని పరుపు కింద బోర్లించి, దాని వాలు మీద రెండు దిళ్ళు పెట్టి, నన్ను సగం కూర్చున్నట్టు ఆనించింది. మెడ అటూ ఇటూ తిరగకుండా చెరో పక్క చుట్టిన దుప్పటి పెట్టింది. లేపేటప్పుడు నా రెండు చేతులూ నా తల వెనకే పెట్టించేది.

"నిండు బిందె లెక్క పట్టుకో బిడ్డా. మెడ మీద బరువు పడొద్దు."

వచ్చిపోయినప్పుడల్లా నా మెడ కిందికి చెయ్యి పోనిచ్చి తడి ఉందేమో చూసుకునేది. కట్టు ముందు తెల్లగానే ఉంటుందట, రక్తం కారితే వెనక్కి పోతుందట. "ముందు జూసి మురిసెటోళ్ళు డాక్టర్లు. ఎనక జూసేదాన్ని నేను" అనేది.

మర్నాడు మధ్యాహ్నం మా అత్తగారు గుంటూరు నుంచి దిగారు. నన్ను చూడగానే ఆవిడకు కన్నీళ్ళొచ్చాయి, వెంటనే కోపమూ వచ్చింది. "ఆపరేషనైన మనిషికి దిండేమిటి? ఇంత ఎత్తేమిటి? జన్మంతా తలనొప్పి పట్టుకుంటుంది. మా అమ్మాయి కాన్పు ఆపరేషన్‌కి పెద్ద డాక్టరమ్మే చెప్పింది" అన్నారు. మా ఇంటి ఆడవాళ్ళకు తెలిసిన ఆపరేషన్ అదొక్కటే. అందులో దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెడతారు. ఆవిడ ప్రేమగానే కుర్చీ లాగేసి, దిళ్ళు తీసి, నన్ను చదునుగా పడుకోబెట్టారు. కాసేపటికి నా గొంతు మీద ఎవరో మోకాలు పెట్టినట్టయింది. చెబుదామంటే గాలి తప్ప మాట రాలేదు.

ఆయమ్మ గుమ్మంలోంచే చూసింది. "దిండెవరు తీసిన్రు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా నా వీపు కింద చెయ్యి దూర్చి లేపింది. దిండు మాత్రం అత్తగారు వదల్లేదు. ఒక కొస ఆవిడ చేతిలో, ఒక కొస ఆయమ్మ చేతిలో.

"నీకేం తెలుసమ్మా, ఊడ్చేదానివి."

"ఊడ్సుకుంటనే అన్ని జూస్త. కాన్పుకు నడుముల సూది ఇస్తరు, గందుకే దిండు పెట్టరు. ఇది మెడ. గిట్ల సాపుగ పండబెడితే ఉబ్బుతది, ఊపిరాడదు. ఇడువున్రి."

అత్తగారు విడవలేదు. ఆయమ్మ లాగింది. ఆ ఊపుకు అత్తగారు వెనకున్న స్టూలు మీద కూలబడ్డారు. నాకు ఊపిరాడింది. సాయంత్రం డాక్టరుగారు వచ్చి, మళ్ళీ బోర్లించిన కుర్చీని చూసి, "ఇలాగే ఉంచండి" అని మాత్రం అని వెళ్ళిపోయారు.

అప్పటికే అత్తగారు మేనేజరుతో చెప్పుకున్నారు. మర్నాడు అతను నా మంచం దగ్గరికొచ్చి, "ఆయా మీ అత్తగారిని తోసిందటగా?" అని అడిగాడు. మెల్లగా మాట్లాడవచ్చని డాక్టరుగారు ఆ పొద్దునే చెప్పారు. పక్కనే అత్తగారున్నారు. నేను గొంతు వైపు వేలు చూపించి ఊరుకున్నాను. నాకిది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. పొద్దుగూకేలోగా ఆయమ్మను పనిలోంచి తీసేశారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారే దిండు సంగతి విడమరిచి చెప్పారు. ఆ తర్వాత అత్తగారు మాటామంతీ లేకుండా నాకు రోజూ మూడు దిళ్ళు పేర్చేవారు. కుట్లు విప్పాక నేను రేసు కోర్సు వెనక బస్తీలో ఆయమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను ఏడిచాను. ఆమె చేట పక్కన పెట్టలేదు.

"గొంతు కోసిననాడు మాట్లాడకుంటే ఏంగాదు బిడ్డా. మానినంక మాట్లాడకుంటెనే తప్పు" అంది. తలెత్తి నా మెడ చూసి, "మానింది గద?" అంది.

మర్నాడే నర్సింగ్ హోంకి వెళ్ళాను. వద్దన్నా అత్తగారు వెంటవచ్చారు. వరుసలో కూర్చున్న రోగుల ముందే, బొంగురు గొంతుతో, మేనేజరుకు జరిగిందంతా చెప్పాను. మధ్యలో రెండుసార్లు గొంతు పోయింది. రెండోసారి పోయినప్పుడు అత్తగారు అందుకున్నారు. "దిండు తీసింది నేను. పట్టు వదలక కూలబడిందీ నేనే, నన్నెవరూ తొయ్యలేదు. ఆ మనిషిని పిలిపించండి. అందాకా మేం కదలం" అని బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. భోజనాల వేళకు కబురు పంపక తప్పలేదు. ఆయమ్మ వచ్చి మాకు దండం పెట్టలేదు, నవ్వనూ లేదు. "ఇన్ని దినాలు మెడ ఆపరేషనోళ్ళను ఎవలు జూసిన్రు?" అని మేనేజరును నిలదీసింది.

ఆ తర్వాత అత్తగారు ఊరి నుంచి వచ్చినప్పుడల్లా ఆమెకో గోంగూర పచ్చడి సీసా చేరేది. ఉప్పెక్కువైందని చెప్పి ఖాళీ సీసా తిప్పి పంపేది ఆయమ్మ.

మూడు వారాల కిందట గుండె జబ్బుతో ఆమెనే ఒక ఆసుపత్రిలో చేర్చారు. నేను చూడబోయేసరికి ఆమె మంచం ఖాళీగా ఉంది. ఆక్సిజన్ గొట్టం దిండు మీద బుస్సుమంటోంది. ఎదుటి మంచంలో మెడకు కట్టుతో ఒక పిల్ల చదునుగా పడుకుని, నోరు తెరిచి గాలి కోసం తంటాలు పడుతోంది. ఆ మంచం కాళ్ళ దగ్గర ఆయమ్మ నేల మీద చతికిలబడి, తలవైపు లేపే పిడిని తిప్పుతోంది. పిల్ల తల్లి వద్దని బతిమాలుతోంది. సిస్టరు పరిగెత్తుకొచ్చింది.

"నీకే ఊపిరాడతలేదు. పోయి పండు ఆయమ్మా."

"నాది పోయేది. గా పిల్లది ఉండాల్సింది."

నేను వంగి పిడి అందుకోబోయాను. ఆమె నా చెయ్యి నెట్టేసింది. సగం చుట్టు తిప్పడం, రొప్పడం, మళ్ళీ సగం చుట్టు. పిడి కీచుమంటూ తిరుగుతోంది, మంచం తల కొంచెం కొంచెంగా లేస్తోంది. పిల్ల నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చడం మొదలుపెట్టాక కూడా ఆమె ఆపలేదు.