మొదటి భాగం మాది... రెండో భాగం కాంతమ్మత్తది

హిందీ మాట్లాడే ఊళ్ళో, నాన్న కంపెనీవాళ్ళ అగ్రికో క్వార్టర్లలో మా చిన్నప్పుడు... ఒక వానాకాలం సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి నిలువునా తడిసి వచ్చారు. రెయిన్‌కోటు మాత్రం సైకిలు క్యారియర్ మీద ఏదో మూటకి చుట్టి ఉంది.

విప్పితే... తెలుగు పుస్తకాలు!

అక్కడి తెలుగువాళ్ళంతా కలిసి నడుపుకునే చిన్న గదిలో ఒక బీరువా నిండా పుస్తకాలుండేవి. ఆ ఏడు గది పైకప్పు కారడం మొదలైంది. బాగుచేయించేదాకా తలా కాసిన్ని ఇంట్లో దాచమని పంచేశారట.

అమ్మ సంబరం చూడాలి... శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఐదో తరగతి దాకా చదివి, పెళ్ళి చేసుకుని ఇంత దూరం వచ్చిన మనిషి. బజార్లో హిందీ, నా బళ్ళో హిందీ... తెలుగు అచ్చు కంటపడడమే గగనం. నాకు అక్షరాలు దిద్దించింది కూడా తనే. చెమ్మ తగిలిన పేజీల మధ్య పాత చీర ముక్కలు పెట్టి, పుస్తకాలన్నీ నవ్వారు మంచం మీద ఆరబెట్టింది. ఆ రాత్రి మేం చాప మీదే పడుకున్నాం.

వాటిలో ఒక లావుపాటి నవల ఉంది. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక అమ్మ పైకి చదివేది. తన గొంతు బొంగురుపోతే నేను అందుకునేదాన్ని. ఒత్తులు మింగేస్తే తొడ మీద చిన్న దెబ్బ పడేది...

అలా చదువుతూ చదువుతూ చివరి పేజీకొచ్చాం. కథలో ఎవరో తలుపు తట్టారు. ఇంటావిడ గడియ తీసి చూసి కొయ్యబారిపోయింది. అంతే... కింద 'మొదటి భాగం సమాప్తం' అని ఉంది.

అమ్మ అట్ట వెనక్కి తిప్పి చూసింది. మిగతా పుస్తకాలన్నీ వెతికింది. నాన్నని అడిగితే ఆయన నవ్వాపుకుంటూ, "రెండో భాగమా? పక్కింటికి ఎల్లింది. కాంతమ్మ దగ్గరుంది" అన్నారు.

అమ్మ మొహం మాడిపోయింది.

కాంతమ్మత్తకీ అమ్మకీ ఆ వేసవి నుంచి మాటల్లేవు. అమ్మ రాజేసిన బొగ్గుల పొయ్యి పొగంతా వెళ్ళి, అత్త పెరట్లో ఆరబెట్టిన వడియాల మీద మసి పట్టించింది. మాటా మాటా పెరిగింది. మగవాళ్ళిద్దరూ ఎప్పట్లాగే జంటగా డ్యూటీకెళ్ళేవారు. నేను ఎప్పట్లాగే ఆ ఇంట్లో ఆడుకునేదాన్ని. వీళ్ళిద్దరే ఎదురుపడితే తల తిప్పుకునేవారు.

"నేనెళ్ళి తేనా అమ్మా?" అన్నాను.

"ఒద్దు. ఆల పుస్తకం మనకెందుకు?" అంది. కానీ ఆ రోజు పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది...

నాకూ ఒకటే ఆరాటం. ఆ తలుపు దగ్గర ఉన్నదెవరు?

వాన వెలిసిన ఒక రోజు కాంతమ్మత్త వాళ్ళ పెరట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నాను. అత్త గట్టు మీద కూర్చుని ఆ రెండో భాగమే చదువుతోంది. చదివినంతసేపూ విసుక్కుంటోంది.

"ఓలే పిల్లా, మీ ఇంట్లో మొదటిది ఉంది కదేటి! ఈ సుందరి ఎవుర్తే? మొదలు తెలీక నా బుర్ర తిరిగిపోతంది."

నాకు సరిగ్గా గుర్తు లేదు. పనిమనిషని నోటికొచ్చింది చెప్పేశాను... "నౌకరానీ హై అత్తా."

గోడకవతల మా పెరట్లో గిన్నె కింద పడిన చప్పుడు. వెంటనే అమ్మ గొంతు...

"నౌకరానీ ఏటే, నీ మొకం! అది దివానుగారి సొంత కూతురు! సిన్నప్పుడు తప్పిపోనాది!"

నేను ఒంటికాలి మీదే నిలబడిపోయాను.

కాంతమ్మత్త పుస్తకం మూసి, గోడ వైపు తిరిగి మెల్లగా అంది... "అలగా? మరి ఆ ముసిలాయన దీన్ని సూసి ఎందుకు ఏడుత్తాడు వదినా?"

వదినా... ఎన్నాళ్ళకి విన్నాం ఆ పిలుపు!

అమ్మ బూడిద చేతులతోనే గోడ దగ్గరకొచ్చింది. దివానుగారి కథ మొత్తం చెప్పింది. చెప్పి చెప్పి, ఆఖర్న గొంతు తగ్గించి అడిగింది... "ఆ తలుపు కాడ ఉన్నోలు ఎవులు వదినా?"

"నాను సెప్పను" అంది అత్త నవ్వేస్తూ. "ఆ మొదటిది అట్టుకుని రా. ఇద్దరం సదువుకుందాం."

అమ్మ చెయ్యి కడుక్కుని, చీర మార్చుకుని మరీ వెళ్ళింది. పక్కింటికి!

అత్త కోసం మొదటి భాగం మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివారు. రెండో భాగం పక్కనే ఉన్నా అమ్మ ఒక్క పేజీ తిప్పి చూడలేదు, నన్నూ చూడనివ్వలేదు. చివరికి రెండో భాగంలో ఆ తలుపు దగ్గరకొచ్చారు... చనిపోయాడని అందరూ అనుకున్న ఇంటావిడ భర్త నిలబడి ఉన్నాడు. అమ్మ పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంగతి ముందే తెలిసిన కాంతమ్మత్త అంతకన్నా ఎక్కువ ఏడ్చింది. వాళ్ళిద్దర్నీ చూసి నేను...

చలికాలం వచ్చేసరికి పైకప్పు బాగైంది, పుస్తకాలు వెనక్కివ్వమన్నారు. ఇచ్చేముందు ఇద్దరూ కూర్చుని ఆ రెండు భాగాల్నీ దబ్బనంతో కలిపి ఒకే పుస్తకంగా కుట్టేశారు. "ఇంకెవులికీ ఆ అవస్థ వద్దమ్మా" అంది కాంతమ్మత్త.

అత్తావాళ్ళు తర్వాత అదే ఊళ్ళో బిర్సానగర్‌లో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయారు. అమ్మ చేతిసంచిలో ఏదో ఒక పుస్తకం పెట్టుకుని అక్కడికీ వెళ్ళేది. ఇప్పుడు ఇద్దరూ లేరు...

నాకు చదివే పిచ్చి మాత్రం వదల్లేదు. ఫోన్లో ఎన్ని పుస్తకాలో! ఏ భాగం కావాలన్నా క్షణంలో వచ్చేస్తుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. మొన్నొక నవల ముగించి కళ్ళు తుడుచుకుంటూ పక్కకి చూశాను... నాతోపాటు ఏడ్చేవాళ్ళెవరూ లేరు.

మీకలా కలిసి చదివినవాళ్ళు ఉన్నారా? వాళ్ళ గురించి రెండు మాటలు రాయండి... ఇద్దరం కలిసి చదివినట్టుంటుంది.